మ్యాచ్ గెలిచాడు, అవార్డు వచ్చింది, లాటరీ తగిలింది: స్పానిష్‌లో ఎవరిని ఏమని పిలవాలి?

అనంతపురం వచ్చే స్పెయిన్ అతిథులకూ మన ఊళ్లవాళ్లకూ మధ్య మాట అందించే పని నాది. కొన్నేళ్ల కిందట ఒక పల్లెలో రిటైరైన హెడ్మాస్టరు గారిని అతిథులకు పరిచయం చేయాల్సి వచ్చింది. ఆయనకు ఉత్తమ ఉపాధ్యాయ అవార్డు వచ్చింది. పరిచయ పత్రం ముందు ఇంగ్లిష్‌లో రాశారు. అందులోని ‘అవార్డ్ విన్నర్’ని ఎవరో ఫోన్‌లో పెట్టి స్పానిష్‌లోకి మారిస్తే ‘గనదోర్’ అని వచ్చింది. అది చదివిన బార్సిలోనా పెద్దావిడ చాలా గౌరవంగా అడిగారు, “మీరు ఏ పోటీలో గెలిచారు?” అని. నేను తెలుగులో చెప్పగానే మాస్టారు ఇబ్బందిపడ్డారు. “పోటీకి నేనెక్కడ వెళ్లానమ్మా, వాళ్లే పిలిచి ఇచ్చారు” అన్నారు.

ఆ కాగితంలో వ్యాకరణం తప్పేమీ లేదు. కానీ ముప్పై ఐదేళ్లు పిల్లలకు చదువు చెప్పిన మనిషి ఆ మాటలో కనిపించలేదు. అప్పటినుంచి స్పానిష్ నేర్చుకుంటామని వచ్చే ప్రతి ఒక్కరికీ మొదట చెప్పేది ఇదే: విజేతల గురించి, మనం గౌరవించే మనుషుల గురించి స్పానిష్‌లో రాసేటప్పుడు ఇంగ్లిష్ మీదుగా వెళ్లకండి. తెలుగులోంచి నేరుగా వెళ్లండి. ఎందుకో చెప్తాను.

మొదలుపెట్టే ముందు పలకడం గురించి ఒక మాట. స్పానిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఒకటి కంటే ఎక్కువ అక్షరాలున్న మాటలో దీర్ఘం ఎక్కడుంటే అక్కడ నొక్కి పలకండి. స్పానిష్‌లో ‘v’ అని రాసేదాన్ని ‘బ’లాగే పలుకుతారు. ‘h’ అక్షరాన్ని రాస్తారు కానీ పలకరు; నేను తెలుగులో ‘హ’ అని రాసినచోట మాత్రం పలకండి. నేను వాడేది లాటిన్ అమెరికా ఉచ్చారణ. స్పెయిన్‌లో చాలాచోట్ల కొన్ని ‘స’లను నాలుక పళ్ల మధ్య పెట్టి ‘థ’కు దగ్గరగా పలుకుతారు.

మొదటి అడుగు: తెలుగులో ఏ క్రియ వస్తుందో చూడండి

మ్యాచ్ గెలిచాడు. అవార్డు వచ్చింది. లాటరీ తగిలింది. మన ఇళ్లలో మాట్లాడుకునేటప్పుడు ఇలా మూడు రకాలుగా అంటాం. లాటరీ గెలిచాడు అని ఎవరూ అనరు. పేపర్లో ‘అవార్డు గెలుచుకున్నారు’ అని రాస్తారేమో కానీ, ఇంటికి ఫోన్ చేసి చెప్పేటప్పుడు మాత్రం ‘నాన్నకు అవార్డు వచ్చింది’ అనే అంటాం. తాను పోరాడి సాధించుకున్నదా, ఎవరైనా పిలిచి ఇచ్చిందా, అదృష్టం కొద్దీ వచ్చి పడిందా అన్న తేడా ఆ క్రియలోనే ఉంది. ఇంగ్లిష్‌లో ముగ్గురూ విన్నర్లే. స్పానిష్ మాత్రం మనలాగే విడదీసి చూస్తుంది.

ఆ విడదీయడం మాట చివర్లో కనిపిస్తుంది. ‘దోర్’తో ముగిసేవాడు తానే ఆ పని చేసినవాడు: గనదోర్ అంటే గెలిచినవాడు, బెన్సెదోర్ అంటే ఓడించినవాడు. ‘ఆదొ’తో ముగిసేవాడు ఇంకొకరి చేతుల మీదుగా అందుకున్నవాడు: ప్రెమియాదొ అంటే బహుమతి పొందినవాడు, గలర్దొనాదొ అంటే పురస్కారం అందుకున్నవాడు, అగ్రసియాదొ అంటే అదృష్టం వరించినవాడు. ఆడవాళ్లయితే గనదోర, ప్రెమియాద, గలర్దొనాద అవుతాయి.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. గనార్ అంటే గెలవడం కాబట్టి గెలిచినవాణ్ని ‘ఎల్ గనాదొ’ అనేస్తుంటారు కొత్తగా నేర్చుకునేవాళ్లు. ఎల్ గనాదొ అంటే పశువుల మంద! అదీ ఈ క్రియలోంచే పుట్టింది. గనార్‌కి గెలవడంతో పాటు సంపాదించడం అనే అర్థం కూడా ఉంది. సంపాదించుకున్నది గనాదొ, పాతకాలంలో ఆ సంపాదన అంటే పశువులే. మన గోధనం అన్న మాటలో ఉన్న ఆలోచనే ఇది. అందుకే ‘ఎ గనాదొ’ అంటే ‘నేను గెలిచాను’ అని సరిగ్గానే అర్థమవుతుంది, కానీ మనిషిని పిలవాలంటే గనదోర్ అనే అనాలి.

రెండో అడుగు: పోటీ ఉంటే, అది ఎలాంటి పోటీ?

గనదోర్ అన్నిటికంటే విశాలమైన మాట. ముగ్గుల పోటీ, పాటల పోటీ, ఒక మ్యాచ్, సైకిల్ రేసులో ఒక రోజు దశ, ఎన్నికలు, అన్నిటికీ చెల్లుతుంది. ఏ మాటా తోచనప్పుడు ఇదే వాడండి, పోటీ ఉన్నంతవరకూ తప్పవదు.

కంపెయోన్ అలా కాదు. మొత్తం టోర్నమెంటు గెలిచి బిరుదు దక్కించుకున్నవాళ్లకే ఆ మాట. లీగ్ దశలో ఒక మ్యాచ్ గెలిచిన జట్టు ఆ మ్యాచ్‌కి గనదోర్, అంతే. 2023 ఆగస్టు 20న సిడ్నీలో స్పెయిన్ అమ్మాయిలు ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్లో ఇంగ్లండ్‌ను 1-0తో ఓడించాక ‘కంపెయోనస్ దెల్ మూందొ’ అయ్యారు, ప్రపంచ ఛాంపియన్లు. ఎన్ని సార్లు గెలిస్తే అన్ని ముందు చేర్చుకోవచ్చు కూడా. 1978, 1986, 2022లో ప్రపంచ కప్ గెలిచిన అర్జెంటీనా త్రికంపెయోన్. ఫైనల్లో ఓడినవాళ్లకూ గౌరవమైన పేరుంది: సుబ్‌కంపెయోన్. 2014లో జర్మనీ చేతిలో ఓడిన అర్జెంటీనా ఆ ఏటి సుబ్‌కంపెయోన్. మనం ‘రన్నరప్’ అని ఇంగ్లిష్ వాడేచోట వాళ్లకు సొంత మాట ఉండటం నాకు చాలా నచ్చుతుంది. ఒక్క ఓటమీ లేకుండా సాగితే ఇన్‌బీక్తొ, అజేయుడు.

టెన్నిస్ ఆటగాడు నదాల్ గురించి చెప్పాలంటే ‘గనదోర్ దె రోలాన్ గారో’ (ఫ్రెంచ్ ఓపెన్ విజేత) అన్నా సరే, కానీ అక్కడ పద్నాలుగు సార్లు టైటిల్ గెలిచినవాడికి కంపెయోన్ అన్న మాటే నిండుగా ఉంటుంది. అనంతపురం వాళ్లకు ఆయన టీవీలో చూసిన మనిషి మాత్రమే కాదు. ఆయన ఫౌండేషన్ 2010లో ఇక్కడ పిల్లలకు టెన్నిస్ నేర్పే బడి పెట్టింది. ఆ పిల్లలు ‘కంపెయోన్’ని పుస్తకంలో కంటే ముందు కోర్టులోనే వింటారు. స్పానిష్‌లో పెద్దవాళ్లు పిల్లల్ని ముద్దుగా పిలవడానికి కూడా వాడతారు దాన్ని: “ఓల, కంపెయోన్!” అంటే మనం “ఏరా మొనగాడా!” అన్నట్టు. అప్పుడు ఏ కప్పూ గెలిచి ఉండక్కర్లేదు.

బెన్సెదోర్ అనాలంటే ఎదురుగా ఓడినవాడు ఉండాలి. దాంట్లో యుద్ధం వాసన ఉంటుంది. చరిత్ర పుస్తకాల్లో ఇది బాగా కనిపిస్తుంది. 1824 డిసెంబరు 9న పెరూలోని అయకూచోలో స్పెయిన్ సైన్యాన్ని ఓడించిన సూక్రేని ‘ఎల్ బెన్సెదోర్ దె అయకూచొ’ అంటారు. అంతర్యుద్ధం గురించి రాసేటప్పుడు గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ‘బెన్సెదోరెస్ ఇ బెన్సీదొస్’. ఆటల వార్తల్లోనూ వాడతారు, కానీ అక్కడ కాస్త గంభీరంగా వినిపిస్తుంది. ముగ్గుల పోటీలో మొదటి బహుమతి వచ్చిన అమ్మాయిని బెన్సెదోర అంటే తప్పు కాదు గానీ, ఆ అమ్మాయి చేతిలో ముగ్గు గిన్నె బదులు కత్తి ఉన్నట్టు ఉంటుంది.

ఇక వాక్యం కట్టడం. మ్యాచ్‌ని గెలుస్తాం, మనిషిని ఓడిస్తాం. ‘ఎస్పాన్య గనో ఎల్ పర్తీదొ’ అంటే స్పెయిన్ మ్యాచ్ గెలిచింది. ‘ఎస్పాన్య బెన్సియో ఆ ఇంగ్లతేర్ర’ అంటే స్పెయిన్ ఇంగ్లండ్‌ను ఓడించింది. గనార్‌తోనే చెప్పాలంటే స్పెయిన్‌లో ‘గనో ఆ ఇంగ్లతేర్ర’ అంటారు, లాటిన్ అమెరికాలో ముందు ‘లె’ చేర్చి ‘లె గనో ఆ ఇంగ్లతేర్ర’ అంటారు. మనం ‘ఇంగ్లండ్ మీద గెలిచింది’ అంటాం కదా అని ‘మీద’ కోసం ‘సోబ్రె’ పెట్టేస్తారు మనవాళ్లు. క్రియతో అది కుదరదు. గెలుపు అనే నామవాచకంతో అయితే చక్కగా కుదురుతుంది: ‘లా బిక్తోరియ సోబ్రె ఇంగ్లతేర్ర’, ఇంగ్లండ్ మీద గెలుపు.

మందుల డబ్బా మీద ‘బేన్సె’ అని చూసి, ఇది ఎవర్ని ఓడిస్తుంది అని అనుకోకండి. బెన్సేర్‌కి ఓడించడంతో పాటు గడువు తీరిపోవడం అనే అర్థం కూడా ఉంది. లాటిన్ అమెరికాలో మందుల మీద, పాల ప్యాకెట్ల మీద ఆ మాట పక్కన తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటితే వాడకూడదు.

మూడో అడుగు: పిలిచి ఇచ్చిన గౌరవమైతే

ఇక్కడ గలర్దొనాదొ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. సాహిత్యం, సేవ, విద్య, సైన్సు లాంటి రంగాల్లో ఇచ్చే పురస్కారాలకు ఇది నప్పినట్టు ఇంకే మాటా నప్పదు. విసెంతే ఫెర్రర్ గారి గురించి రాసేటప్పుడు నేను వాడేది ఇదే. బార్సిలోనాలో 1920లో పుట్టి, 1969లో అనంతపురం వచ్చి, పేదల కోసం పనిచేసి, 2009లో ఇక్కడే కన్నుమూసిన ఆ మనిషిని మనం ఫాదర్ అనే పిలుచుకున్నాం. 1998లో స్పెయిన్ ఆయనకు సామరస్యానికి ఇచ్చే ప్రిన్సిపె దె అస్తూరియస్ పురస్కారం ఇచ్చింది. ‘గలర్దొనాదొ కోన్ ఎల్ ప్రేమియొ’ అని రాయాలి. ‘కోన్’ అంటే ‘తో’. ‘పురస్కారంతో సత్కరించబడిన’ అనుకోండి, విభక్తి కూడా సరిపోతుంది. గనదోర్‌తో అయితే ‘దె’ వస్తుంది, ‘ఎల్’తో కలిసి ‘దెల్’ అవుతుంది: గనదోర్ దెల్ ప్రేమియొ. ఈ రెండు విభక్తులనూ కలగాపులగం చేయకండి.

నిజానికి స్పానిష్ పత్రికలు నోబెల్ వచ్చినవాళ్లనీ గనదోర్ అంటాయి, ఆస్కార్ వచ్చినవాళ్లనైతే మరీ ఎక్కువగా. అది తప్పని నేననను. పోటీలో నామినేషన్లు ఉన్న ఆస్కార్‌కి ఆ మాట సరిపోతుంది కూడా. కానీ చిలీలో బడిపంతులమ్మగా పనిచేసి 1945లో సాహిత్య నోబెల్ అందుకున్న గబ్రియేలా మిస్త్రాల్ గురించి రాస్తున్నప్పుడు ‘గలర్దొనాద’ అన్న మాటలో ఉన్న మర్యాద గనదోరలో లేదు. లాటిన్ అమెరికాకు సాహిత్యంలో మొదటి నోబెల్ ఆమెదే.

నోబెల్ విషయంలో ఇంకో సులువు దారి ఉంది. మనిషినే నోబెల్ అనేస్తారు. ‘ఎల్ నొబేల్ కొలొంబియానొ’ అంటే కొలంబియాకు చెందిన నోబెల్ గ్రహీత, అంటే 1982లో ఆ బహుమతి అందుకున్న గార్సియా మార్కెజ్. బహుమతికి పెద్ద అక్షరం, మనిషికి చిన్న అక్షరం. స్పానిష్ రాసేటప్పుడు ఇది మర్చిపోకండి.

లావ్రెయాదొ అన్న మాట కూడా వింటారు. లారెల్ ఆకుల దండ వేయించుకున్నవాడని దాని మూలం. రాతలో, ఉపన్యాసంలో బాగుంటుంది. రోజువారీ మాటల్లో వద్దు. ప్రెమియాదొ మామూలు మాట, బడిలో బహుమతుల నుంచి సినిమా ఉత్సవాల దాకా ఎక్కడైనా సరే.

నాలుగో అడుగు: లాటరీ అయితే

నాకు చాలా ఇష్టమైన చోటు ఇదే. స్పానిష్‌లో తొకార్ అంటే తాకడం, తగలడం. ‘మె తొకో లా లొతెరీయ’ అంటే అక్షరాలా ‘నాకు లాటరీ తగిలింది’. ‘నేను’ కాదు, ‘నాకు’. లాటరీయే కర్త, మనిషి కాదు. మాట మాటకీ మన వాక్యమే! ఇంగ్లిష్ ద్వారా వెళ్లినవాడు దీన్ని ఒక వింత నియమంలా బట్టీ పడతాడు. తెలుగువాడికి బట్టీ అక్కర్లేదు, అది ఇంట్లో వాక్యమే.

స్పెయిన్‌లో ఏటా డిసెంబరు 22న క్రిస్మస్ లాటరీ తీస్తారు. మాడ్రిడ్‌లోని సాన్ ఇల్దెఫోన్సొ బడి పిల్లలు అంకెల్నీ బహుమతుల్నీ రాగం తీసి పాడుతుంటే దేశమంతా టీవీల ముందు కూర్చుంటుంది. మొదటి లాటరీ 1812లో కాదీజ్‌లో తీశారు. పెద్ద బహుమతిని ‘ఎల్ గోర్దొ’ అంటారు, బొద్దువాడు అని అర్థం. అది తగిలినవాళ్లు ‘అగ్రసియాదొస్’ లేదా ‘అఫొర్తునాదొస్’, అంటే అదృష్టవంతులు. తగిలిన నంబరు కూడా అగ్రసియాదొయే. మెక్సికోలో అయితే తొకార్ బదులు ‘సకార్సె లా లొతెరీయ’ అంటారు, లాటరీ తీసుకున్నాడని. అక్కడివాళ్లతో మాట్లాడేటప్పుడు అలాగే అనండి.

ఐదో అడుగు: ర్యాంకులు, ఎన్నికలు, జీవితం

ఇవి త్వరగా చూసేద్దాం. పరీక్షలో ఫస్ట్ ర్యాంకు వచ్చిన అమ్మాయి గనదోర కాదు. ‘కెదో ప్రిమేర’ అనండి, మొదటి స్థానంలో నిలిచింది అని. బ్యాచ్‌కి టాపర్ అయితే ‘లా నూమెరొ ఊనొ దె సు ప్రొమొసియోన్’. స్పెయిన్‌లో ప్రభుత్వ ఉద్యోగ పరీక్షల్ని ఒపొసిసియోనెస్ అంటారు. వాటిలో నెగ్గి ఉద్యోగం తెచ్చుకుంటే ‘సకో ప్లాస’ అంటారు. మన గ్రూప్స్ రాసేవాళ్ల ఇళ్లలో ఉండే టెన్షనంతా ఆ రెండు మాటల వెనకా ఉంటుంది.

ఎన్నికల్లో గెలిచినవాళ్లు గనదోరే, కానీ ప్రమాణం చేసేదాకా పదవికి ‘ఎలేక్తొ’ తగిలించాలి. క్లౌడియా షైన్‌బామ్ మెక్సికో అధ్యక్ష ఎన్నికల్లో 2024 జూన్ 2న గెలిచి అక్టోబరు 1న పదవి చేపట్టారు. ఆ నాలుగు నెలలూ ఆమె ‘ప్రెసిదేంత ఎలేక్త’.

జీవితంలో పైకి వచ్చినవాణ్ని త్రియున్ఫదోర్ అంటారు. ఏమీ లేకుండా పట్నం వెళ్లి నిలదొక్కుకున్నవాడికి అది సరైన మాట. విజయం కోసం నిఘంటువు తీస్తే ‘ఎక్సితొ’ కనిపిస్తుంది, నొక్కు మొదటి అక్షరం మీద. దాన్ని చూసి బయటికి పోయే దారి అనుకోకండి. అలాగే ‘సుసేసొ’ని చూసి సక్సెస్ అనుకోకండి, దాని అర్థం సంఘటన.

ఆరో అడుగు: హీరో అన్న మాటను ముందు పక్కన పెట్టండి

తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, అందుకే కాస్త ఆగి చెప్తాను. మనకు హీరో అంటే ముందు గుర్తొచ్చేది సినిమా కథానాయకుడు. ‘మా అబ్బాయికి ఫలానా హీరో అంటే ప్రాణం’ అంటాం. అదే మాటను స్పానిష్‌లో ‘ఏరొయె’ అంటే వినేవాళ్లకు వేరే బొమ్మ కనిపిస్తుంది. ఏరొయె అంటే ప్రాణాలకు తెగించినవాడు, దేశం కోసం నిలబడినవాడు. 1847 సెప్టెంబరు 13న చాపుల్తెపెక్ కోట దగ్గర అమెరికా సైన్యానికి ఎదురు నిలిచి చనిపోయిన కుర్ర క్యాడెట్లను మెక్సికో ‘నీన్యొస్ ఏరొయెస్’ అని తలుచుకుంటుంది, బాల వీరులు అని. ఆ మాట బరువు అంతటిది. సినిమా హీరోకి ‘ప్రొతగొనీస్త’ అనండి. ఆ మాట ఆడ, మగ ఇద్దరికీ ఒకటే, ముందున్న ఎల్ (మగ), లా (ఆడ) మారతాయంతే. హీరోయిన్‌ని ‘ఎరొయీన’ అనకండి. అది వీరనారి, పైగా ఆ పేరుతో మత్తుమందు కూడా ఉంది. ‘లా ప్రొతగొనీస్త’ అంటే సరిపోతుంది.

స్వాతంత్ర్య పోరాట నాయకులకు లాటిన్ అమెరికాలో ప్రత్యేకంగా ఒక మాట ఉంది: ప్రోసెర్. శాన్ మార్తీన్ లాంటివాళ్లు ప్రోసెరెస్. బొలీవర్‌కైతే ‘ఎల్ లిబెర్తదోర్’, విమోచకుడు, అన్న పేరు విడదీయలేనంతగా కలిసిపోయింది. మన అల్లూరి సీతారామరాజు గురించి అక్కడివాళ్లకు చెప్పాల్సి వస్తే నేను ప్రోసెర్ అనే అంటాను, వెంటనే అర్థమవుతుంది.

అభిమానించే నటుడు, ఆటగాడు, గాయని అయితే ‘ఈదొలొ’. మొదట దాని అర్థం పూజించే విగ్రహం. మనం ఆరాధ్యదైవం అన్నప్పుడు ఎంత దూరం వెళ్తామో వాళ్లూ అంతే దూరం వెళ్తారు. అర్జెంటీనాలోని రొసారియోలో 1998లో ఫుట్‌బాల్ ఆటగాడు మరదోనా అభిమానులు ఆయన పేరు మీద ఏకంగా ఒక చర్చి పెట్టుకున్నారు. అభిమాన సంఘాల మధ్య పెరిగినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

మరి ఊరికి దారి చూపిన మాస్టారు, పొలంలో పనిచేస్తూ పిల్లల్ని చదివించిన అమ్మ? వాళ్లకు ఈదొలొ ఎక్కువ, ఏరొయె ఇంకా ఎక్కువ. ఇక్కడ ‘రెఫెరేంతె’ అనండి. ‘ఆయన్ని చూసి నేర్చుకున్నాం’ అన్న మాట మొత్తం ఆ ఒక్క పదంలో ఇమిడిపోతుంది. ‘ఎహేంప్లొ ఆ సెగీర్’ అన్నా సరే, అనుసరించాల్సిన ఆదర్శం అని. ఒట్టి ‘మొదేలొ’ మాత్రం వద్దు, ఫ్యాషన్ మోడల్ అనుకునే ప్రమాదం ఉంది. ‘ఫమోసొ’ అంటే పేరున్నవాడు మాత్రమే. పేరున్న ప్రతివాణ్నీ మనం గౌరవిస్తామా ఏమిటి.

ఏడో అడుగు: నోటిమాటలు, దేశం చూసి

స్నేహితుల మధ్య పొగడ్తలు వేరే. స్పెయిన్‌లో, అర్జెంటీనాలో, ఇంకా చాలాచోట్ల ‘ఏరెస్ ఉన్ క్రాక్’ అంటే ‘నువ్వు తోపువి’ అని. మనకు క్రాక్ అంటే తిక్కవాడు కాబట్టి మొదటిసారి విన్నప్పుడు మొహం చిన్నబుచ్చుకోకండి. నా దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడు ఈ మాటకే అరగంట అలిగి కూర్చున్నాడు. నిజానికి అతని ఫుట్‌బాల్ ఆట చూసి మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు వాళ్లు.

స్పెయిన్‌లో ‘మాకిన’, అంటే యంత్రం, ‘ఫిగూర’ అన్నవి కూడా ఇలాగే వాడతారు. ‘హేనియొ’ మేధావి, కానీ క్రియ జాగ్రత్త. ‘ఎస్ ఉన్ హేనియొ’ అంటే ఆయన మేధావి. ‘తియేనె మాల్ హేనియొ’ అంటే ఆయనకు ముక్కు మీద కోపం. ఒకే మాట, క్రియ మారగానే సన్మానం కాస్తా ఫిర్యాదు అవుతుంది.

అన్నిటికంటే ప్రమాదమైనది ‘కాపొ’. బ్యునోస్ ఐరీస్‌లో ‘సోస్ ఉన్ కాపొ’ అంటే గొప్ప మెచ్చుకోలు. స్పెయిన్‌లో, మెక్సికోలో కాపొ అంటే మాఫియా నాయకుడు, మాదకద్రవ్యాల ముఠా పెద్ద. అర్జెంటీనా మిత్రుల దగ్గర నేర్చుకున్న ఈ మాటను మెక్సికోలో ఆఫీసు బాస్ మీద ప్రయోగించకండి.

ఎనిమిదో అడుగు: రాసింది ఒకసారి సరిచూసుకోండి

ఈదొలొ, హేనియొ, ఫెనోమెనొ పుంలింగాలు. ఆడవాళ్ల గురించైనా ‘మి ఈదొలొ’ అనే రాయండి, అర్జెంటీనాలో మాటల్లో ‘ఈదొల’ వినిపించినా సరే. తిరగేసి, ఎస్త్రేయ అంటే తార, లెయేంద అంటే చరిత్రలో నిలిచిపోయినవారు, ఇవి స్త్రీలింగాలు. ‘మెస్సి ఎస్ ఊన లెయేంద’ అన్నదే సరైన వాక్యం.

‘గ్రాన్’ ముందొస్తే గొప్ప, ‘గ్రాందె’ వెనకొస్తే పెద్ద. ‘ఉన్ గ్రాన్ ఓంబ్రె’ గొప్ప మనిషి. ‘ఉన్ ఓంబ్రె గ్రాందె’ అంటే భారీ మనిషి, కొన్ని దేశాల్లో వయసు మళ్లిన మనిషి. సన్మాన పత్రంలో ఈ రెండూ తారుమారైతే ఎంత బాధగా ఉంటుందో ఊహించండి.

మనుషుల్ని కర్మగా చెప్పేటప్పుడు ‘ఆ’ పెట్టాలి: ‘అద్మీరొ ఆ మి అబ్వేల’, మా అమ్మమ్మను అభిమానిస్తాను. వస్తువుకైతే పెట్టరు. ఇదీ మనదే. ‘రవిని చూశాను’ అంటాం, ‘సినిమా చూశాను’ అంటాం. రవికి ‘ని’ ఉంది, సినిమాకి లేదు. ఎక్కడ ‘ఆ’ పెట్టాలో అనుమానమొస్తే తెలుగులో ఒకసారి అనుకుని చూడండి, చాలాసార్లు జవాబు దొరుకుతుంది.

మన ‘గారు’ పేరు వెనక వస్తుంది, వాళ్ల ‘దోన్’, ‘దోన్య’ ముందొస్తాయి. అవి వ్యక్తి పేరుకే, ఇంటిపేరుకు కాదు.

చివరగా గురువుల మాట. ‘మయేస్త్రొ’ అంటే ప్రాథమిక బడి పంతులు, సంగీత విద్వాంసుడు, ఏ విద్యలోనైనా ఆరితేరినవాడు. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల తాపీపని చేసేవాణ్ని కూడా మయేస్త్రొ అనే పిలుస్తారు. పోర్చుగీసు నుంచి మనకు వచ్చిన ‘మేస్త్రీ’, ఇంగ్లిష్ నుంచి వచ్చిన ‘మాస్టారు’, ఈ మయేస్త్రొ, మూడూ ఒకే లాటిన్ మాట పిల్లలు.

ఆ పల్లెలో కాగితాన్ని మర్నాడు నేను మళ్లీ రాశాను. గనదోర్ తీసేశాను. పేరుకు ముందు దోన్ పెట్టి, ఆ తర్వాత ఇలా: “మయేస్త్రొ దురాంతె త్రేయింత ఇ సీంకొ ఆన్యొస్, గలర్దొనాదొ కోన్ ఎల్ ప్రేమియొ అల్ మెహోర్ దొసేంతె, ఉన్ రెఫెరేంతె పార తోదొ ఎల్ ప్వేబ్లొ.” ముప్పై ఐదేళ్ల పాటు ఉపాధ్యాయుడు, ఉత్తమ బోధకుడిగా పురస్కారం అందుకున్నవారు, ఊరందరికీ ఆదర్శం. బార్సిలోనా ఆవిడ చదివి, లేచి నిలబడి, “ఎనొరబ్వేన, మయేస్త్రొ” అన్నారు. అభినందనలు అని అర్థం, స్పెయిన్‌లో ఎక్కువగా ఇదే అంటారు. విడదీస్తే ‘మంచి గడియలో’ అని. మాస్టారికి ఆ అర్థం చెప్పగానే, “ముహూర్తం బాగుందన్నమాట” అని ఆవిడకు నమస్కారం పెట్టారు.